గుమ్మానికడ్డంగా పడుకున్న గడ్డపార

నేను ఒక గడ్డపారను. బరువైనదాన్ని, మొండిదాన్ని, ఒకరి చేత మాట పడనిదాన్ని. పుట్టుకతో మాత్రం ఎడ్లబండి ఇరుసును. ఆదోని చుట్టుపక్కల పత్తి మూటలు మోసీ మోసీ ఒకనాడు నడిదారిలో రెండుగా విరిగితే, బండివాడు నన్ను కమ్మరి కంబగిరాచారి కొలిమి ముందు పడేసి తన దారిన తాను పోయాడు. ఆచారి నన్ను ఎర్రగా కాల్చి, సాగగొట్టి, ఒక కొసను మొనదేల్చి, రెండో కొసను చదునుగా చేశాడు. చివర నీళ్లతొట్టిలో ముంచినప్పుడు నేను పెట్టిన కేక వీధి వీధంతా విన్నది. ఆ తరువాత మళ్లీ నోరెత్తింది ఇదిగో, ఇప్పుడే.

అది తెల్లదొరలు మన నేలకు అడ్డంగా ఇనుపదారి పరుస్తున్న కాలం. చెన్నపట్నం సముద్రం నుంచి ఒక దారి పడమరకు వస్తోంది, బొంబాయి సముద్రం నుంచి ఇంకో దారి తూర్పుకు వస్తోంది, రెండూ రాయచూరు వైపు ఎక్కడో కలవాలట. రెండు సముద్రాలు కనబడితే చాలు, వాటిని కలిపేదాకా మనుషులకు నిద్ర పట్టదు. కలపమని సముద్రాలు అడిగాయా అంటే, అవేమీ అడగలేదు.

నన్ను కొన్నవాడి పేరు నెట్టికంటయ్య. వడ్డెవాడు. రాయి కొట్టడం, మట్టి తవ్వడం తప్ప వేరే పని ఎరగడు, ఎరగాలని కూడా అనుకోడు. అతని భార్య సుంకమ్మ. పొట్టిమనిషి, గట్టి మెడ. వాళ్ల పనిలో ఒక కట్టుబాటు ఉంది. మగవాడు తవ్వుతాడు, ఆలి తట్టకెత్తుకుని మోస్తుంది. తవ్వేవాడు మోయడు, మోసేది తవ్వదు. పనిలో చేరడం కూడా జంటలుగానే. నెట్టికంటయ్య నన్నెత్తి నేలలో దింపితే మట్టిపెళ్లలు లేచేవి, అవి తట్టలోకి, తట్ట సుంకమ్మ తల మీదికి, తల మీద నుంచి కట్ట పైకి. రైలు కట్ట అలా ఒక్కో తట్టగా పెరుగుతూ, గుడిసెలన్నిటినీ తన వెంట లాక్కుంటూ పోయింది. ఒక ఊరు పక్కన కొన్నాళ్లు, ఇంకో వాగు పక్కన కొన్నాళ్లు.

ఆ దారిలో వాళ్లకు ఇద్దరు బిడ్డలు పుట్టారు. గుంతకల్లు దాటాక ఒకరు, ఆస్పరి దగ్గర ఒకరు. ఇద్దరూ పురిటి నెల నిండకముందే పోయారు. కట్ట పక్కన ఆ రెండు చిన్న గుంతలూ నాతోనే తవ్వాడు నెట్టికంటయ్య. నల్లబండల్ని చీల్చినదాన్ని నేను. అక్కడి నేల మెత్తనిది, అయినా దిగబుద్ధి కాలేదు. నా ఇష్టంతో పనేముంది? దిగాను.

మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు కూడా సుంకమ్మ తట్ట దించలేదు. నొప్పులు మొదలైన పొద్దున కూడా మోసింది. మధ్యాహ్నానికి ఈతచాపల గుడిసెలో ఆడపిల్ల పుట్టింది. పురుడు పోసిన ఈరమ్మవ్వ, గుడిసెల వాళ్లందరికీ పెద్దదిక్కు, బయటికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"పోయిన రెండుసార్లు గుమ్మంలో ఏం ఇనుము పెట్టినార్రా?"

"మేకు పెట్టినామవ్వా" అన్నాడు నెట్టికంటయ్య.

"మేకు! మేకును సూసి బెదిరే గాలి కాదురా అది. ఇంట్లో ఉండే పెద్ద ఇనుము పెట్టాల. ఆ గడ్డపార తీసుకరా."

పురిటింటికి ఇనుము కాపలా పెట్టడం వాళ్ల ఆచారం. కత్తో, మేకో, ఏదో ఒకటి గుమ్మంలో ఉంటే గాలీ ధూళీ లోపలికి రాదని నమ్మకం. అలా నన్ను గుమ్మానికి అడ్డంగా పడుకోబెట్టి అవ్వ వేలు చూపించింది. "నెల నిండేదాకా దీన్ని ఎవరూ ఎత్తగూడదు. ఎత్తినారంటే నన్ను మాత్రం అడగొద్దండి."

నెట్టికంటయ్య మొహం చూడాలి అప్పుడు. ఉన్నది నేనొక్కదాన్నే. అరువిచ్చే నాథుడు లేడు, పని రోజుల్లో ఎవడి గడ్డపార వాడి చేతిలోనే ఉంటుంది. పైగా ఆ పొద్దుటే మేస్త్రి దస్తగిరి గుడిసె గుడిసెకూ వచ్చి చెప్పిపోయాడు. బొంబాయి దారి వేసేవాళ్లు అప్పుడే ఏటి దాకా వచ్చేశారట, దొర కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడట, ఎదురుగా ఉన్న గుట్టను కోయడం వెంటనే ముగించాలట. పనికి రాని జంటను పంపించేసి ఇంకో జంటను పెట్టుకుంటానన్నాడు. పంపించేస్తే ఎక్కడికి పోవాలి? పచ్చి బాలింతను, పసిగుడ్డును నడిపించుకుని ఎండలో ఏ ఊరు చేరాలి?

మర్నాడు పొద్దున అతను గుమ్మంలో వంగి నా మీద చెయ్యి వేశాడు. లోపల సుంకమ్మ పడుకునే చూస్తోంది.

"ఎత్తుకపోతావా?" అంది.

"ఏం జెయ్యమంటావు మే?"

"నేనేం జెప్పను. ఎత్తుకపోతే పో, పెట్టిపోతే పో. ఈ బిడ్డ గూడా పోయిందంటే మాత్రం, ఇంక నేను ఇంకో బిడ్డను కనను. నాతో అయ్యేది కాదు."

ఏడవలేదు ఆమె. ఏడ్చినా బాగుండేది. నెట్టికంటయ్య చెయ్యి ఇంకా నా మీదే ఉంది. నిజం చెబుతున్నాను, ఆ పసిదాన్ని కాచే శక్తి నాలో ఏ మూలనా నాకు కనబడలేదు. నేను విరిగిన ఇరుసును. అయినా ఎత్తొద్దు, ఎత్తొద్దు అని వేడుకున్నాను. ఎవరిని వేడుకున్నానో నాకే తెలియదు.

చెయ్యి తీశాడు. నన్ను దాటి లోపలికి పోయి, మూలనున్న సుంకమ్మ తట్టనూ, తట్ట కింద తలకు పెట్టుకునే చుట్టకుదురునూ తీసుకుని బయటికి నడిచాడు.

మా గుడిసె గుట్ట కోతకు ఎదురుగానే ఉండేది కనుక అంతా నా కళ్లముందే జరిగింది. భార్య పోయి, మట్టి మోసే మనిషి లేని ముసలాయన ఒకడు అక్కడ ఒంటరిగా తవ్వుతున్నాడు. నెట్టికంటయ్య పోయి ఆయన పక్కన తట్ట దించాడు. గుట్ట గుట్టంతా పని ఆపి చూసింది. తరువాత నవ్వింది. ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకున్నారు, మగవాళ్లకు ఆ మర్యాద కూడా లేదు.

"ఏమ్మా సుంకమ్మా, మీసాలెప్పుడు మొలిసినాయి?" అన్నాడొకడు.

"కుదురు సరిగ్గా పెట్టుకో కోడలా, తట్ట జారుతాది" అన్నాడు దస్తగిరి.

మొదటి తట్ట నిజంగానే జారింది. రెండోది ఎలాగో పైకి చేరింది. సాయంత్రానికి మెడ బిగుసుకుపోయి, బిడ్డను చూడాలంటే మనిషంతా తిరగాల్సి వచ్చింది. అది చూసి సుంకమ్మ నవ్వింది. ఆస్పరి తరువాత ఆమె నవ్వడం నేను వినడం అదే మొదలు.

అలా కొన్నాళ్లు గడిచాయి. ఎకసెక్కాలు పాతబడ్డాయి గాని తట్ట బరువు పాతబడలేదు. ఒక సాయంత్రం గంజి తాగుతూ తాగుతూ నెట్టికంటయ్య గిన్నె కింద పెట్టాడు.

"సుంకీ, కడుపుతో ఉండి గూడా ఇదంతా మోసినావా నువ్వు?"

"మోయకుంటే?"

"ఆస్పరిలో పురుడైనాక... నువ్వు వెంటనే లేసొచ్చినావు కదా తట్టకు."

"నువ్వే కదా పిలిసినావు, మట్టి పేరుకపోతాందని."

దెప్పుతూ అనలేదు. ఉన్న మాట అన్నది. నెట్టికంటయ్య లేచి బయటికొచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నాడు. కట్ట తూర్పుగా, ఆస్పరి వైపు, చూపు ఆనినంత దూరం కనబడుతోంది. అటే చూస్తూ కూర్చున్నాడు. అతని కన్నీళ్లు నా మీద పడ్డాయి. ఉప్పునీళ్లు తగిలితే ఇనుముకు తుప్పు పడుతుంది. పడితే పడనీ అనుకున్నాను.

సుంకమ్మ ఆ నెలంతా పడుకుంది. పెళ్లయ్యాక ఆమె నడుం వాల్చింది ఆ నెలే. పాలు పడ్డాయి. పిల్ల ఒళ్లు చేసింది, అరవడం నేర్చింది, గుడిసెల్లో ఎవరినీ కునుకు తీయనివ్వలేదు. నెల నిండగానే ఈరమ్మవ్వ వచ్చి నాకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, చేతులు జోడించింది. గుడిసెల వాళ్లంతా వచ్చి దండం పెట్టుకున్నారు. బిడ్డను గడ్డపార బతికించిందని ఊరూరా చెప్పుకున్నారు. ఎన్ని బండలు పగలగొట్టినా నాకు ఒక్క దండం పెట్టినవాడు లేడు. ఏ పనీ చేయకుండా పడుకున్నందుకు కుంకుమ పెట్టారు. మనుషుల లెక్కలు నాకు ఏనాడూ బోధపడలేదు.

పిల్లకు రైలమ్మ అని పేరు పెట్టారు. అవ్వకు ఆ పేరు నచ్చలేదు గాని పెరిగాక పిల్ల ఆ పేరుకే పలికింది. గుట్ట తెగింది, రెండు దారులూ కలిశాయి, పొగబండి గుట్ట మధ్య నుంచి అరుచుకుంటూ పోయింది.

ఇప్పుడు నేను ఒక స్టేషనులో, అద్దాల బీరువాలో, పాత లాంతరుకూ పాత గంటకూ నడుమ ఉంటున్నాను. పక్కన నా గురించి చీటీ అతికించారు. దారి వేసిన నాటి పనిముట్టు అని రాశారు. తప్పేమీ లేదు. వచ్చినవాళ్లు నన్నొకసారి చూసి, గంటను మాత్రం రెండుసార్లు చూసి పోతారు. అయినా ఇక్కడ తీరిక ఎక్కువ, పాత సంగతులు ఒక్కొక్కటే గుర్తుచేసుకుంటూ ఉంటాను. అన్నిటికన్నా ఎక్కువగా గుర్తొచ్చేది గుట్ట తెగడానికి కొంచెం ముందు, ఒక పొద్దుట జరిగిన సంగతి.

దస్తగిరి మేస్త్రి తలపాగా చేత పట్టుకుని మా గుమ్మం ముందుకొచ్చాడు. వేరే చోట కట్ట పని చేసే కూతురు అల్లుడితో పాటు పురిటికొచ్చిందట. పోయిన ఏడు ఆమెకొక బిడ్డ పోయిందట.

"నెట్టికంటూ, నీ గడ్డపార ఒక నెల ఇస్తావా అబ్బీ? తవ్వేదానికి నీకు ఇంకోటి నేనిప్పిస్తా" అన్నాడు.

"ఇస్తాలే అన్నా. ఒక్కటే మాట. ఇది గుమ్మంలో ఉండే వరకూ నీ కూతురు తట్ట ముట్టగూడదు. నీ అల్లుడు మోయాల. లేకుంటే ఇనుము పని చేయదు."

దస్తగిరి తల ఊపి, అల్లుణ్ణి పిలుచుకురావడానికి పోయాడు. అతను అటు వెళ్లగానే సుంకమ్మ మొగుడి వైపు తిరిగింది.

"ఇనుములో ఏమీ ల్యాదని నీకు తెల్సు. బాలింతను పండుకోనీ, నువ్వు మోయి అని జెప్తే సాలదా?"

"పెండ్లాం కోసరం మోయమంటే యా మొగుడూ మోయడు మే, నగుతారని. ఇనుము ఎత్తగూడదు అంటే మోస్తాడు. నేను మోయలేదా?"

సుంకమ్మ పిల్లను చంక మార్చుకుంది. అంతలో మేస్త్రి అల్లుడు వచ్చి బిక్కమొహంతో గుమ్మం బయట నిలబడ్డాడు. నెట్టికంటయ్య నన్నెత్తి అతని భుజాన పెట్టాడు. అల్లుడు నాలుగడుగులు వేశాడో లేదో సుంకమ్మ వెనక నుంచి పిలిచింది.

"తలగుడ్డ మందంగా సుట్టుకో నాయనా. మొదట్లో మెడ తిరగదు."