దవాఖానలో పక్క సీటు

రాజమణి సిటీ బస్సులో కండక్టరు. ఇరవై రెండేళ్ల సర్వీసులో నిలబడీ నిలబడీ మోకాళ్లు అరిగిపోయాయి. రెండేళ్ల కింద ఒక ఆదివారం కిషన్‌బాగ్‌లోని తన ఇంట్లో కూర్చొని, మోకాళ్ల నొప్పులకు వ్యాయామాలు నేర్పే వీడియో ఒకటి చూసింది. దాని కింద కామెంట్లలో తనలాంటివాళ్లే బోలెడుమంది మూలుగుతున్నారు. వాళ్లలో పదకొండు మంది ఒకరినొకరు పలకరించుకొని వాట్సాప్‌లో గ్రూపు పెట్టుకున్నారు. దాని పేరు ‘మోకాళ్ల ముచ్చట్లు’.

మొదటి నెల అందరూ వ్యాయామాల గురించే మాట్లాడుకున్నారు. తర్వాత ఆ సంగతి మెల్లగా వెనక్కి పోయి, లోకంలో ఉన్న మిగతా సంగతులన్నీ ముందుకొచ్చాయి. ఎవరింటికి నల్లా నీళ్లు రాలేదు, ఏ మార్కెట్లో చింతచిగురు దొరుకుతున్నది, ఎవరి కోడలు అలిగింది, అన్నీ అందులోనే. పురానాపూల్ దగ్గర ఉండే కోమలవల్లి రోజూ పొద్దున్నే తన షుగర్ నంబరు పెట్టేది. ఆమె లైబ్రరీలో పనిచేసి రిటైరైంది, భర్త దగ్గర్లోని రంగనాథస్వామి గుడిలో అర్చకుడు. ఆమె అక్షరం తప్పు లేకుండా టైప్ చేస్తుంది. ఇంకొకాయన ప్రేమ్‌రాజ్, ధూల్‌పేట్‌లో గణపతి విగ్రహాలు చేస్తాడు. చేతులకు ఎప్పుడూ మట్టో రంగో ఉంటుంది కాబట్టి టైప్ చేయడు, అన్నీ వాయిస్ మెసేజులే.

“ఇవాళ షుగర్ నూట నలభై రెండు” అని కోమలవల్లి రాస్తే, “ఇంకో ఇరవై తగ్గియ్యుండ్రి అమ్మా, ఖుషీల కిలో జిలేబీ పంపిస్త” అని ప్రేమ్‌రాజ్ గొంతు వినిపించేది.

రాజమణి బస్సు ముచ్చట్లు చెప్పేది. లాస్ట్ స్టాపులో బస్సు ఆగినప్పుడు గబగబా టైప్ చేసేది. “ఇయ్యాల ఒకాయన సంచిల కోడిపెట్ట పెట్టుకొని ఎక్కిండు. దానికి టికెట్ తీస్కో అన్న. ఆడోళ్లకు బస్సు ఫ్రీ గద మేడమ్, ఇది గూడ ఆడదే, ఆధార్ చూడకుండ జీరో టికెట్ ఇయ్యి అన్నడు.” ఆ రోజంతా గ్రూపులో నవ్వులే. కోడికి ఆధార్ కార్డు ఎట్లా తీయాలని సాయంత్రం దాకా చర్చ నడిచింది.

ఇన్ని మాట్లాడుకున్నా వాళ్లు ఒకరినొకరు చూడలేదు. కోమలవల్లి ఫోటో స్థానంలో మందారపువ్వు, రాజమణి ఫోటో స్థానంలో ఆమె బస్సు, ప్రేమ్‌రాజ్‌ది ఇంకా కళ్లు దిద్దని గణపతి.

జూన్ నెలలో ఒక పొద్దున రాజమణి డ్యూటీకి తయారవుతూ మెడకు పౌడరు రాసుకుంటుంటే చేతికి ఏదో తగిలింది. గోళీ అంత గడ్డ. గుటక వేస్తే పైకీ కిందికీ కదులుతున్నది. అద్దం దగ్గరికి జరిగి చూసింది. వెనుక నుంచి సీమోను, “ఏంది, ఇంక తయారు కాలేదా? డిపోకు లేటైతది” అన్నాడు. రాజమణి కొంగు మెడ చుట్టూ కప్పుకొని, “ఆ, అయిపోయింది” అంది.

సీమోను ఆమె భర్త. నీళ్ల పైపులైన్లు చూసే సర్కారీ ఉద్యోగం. మంచివాడే గానీ, మూడేళ్ల కింద చెల్లెలు క్యాన్సర్‌తో చనిపోయినప్పటి నుంచి ఇంట్లో ఎవరైనా దగ్గితే చాలు, అన్నం తినడు. చెల్లెలికి కూడా మొదట గడ్డే వచ్చింది. అందుకే రాజమణికి నోరు రాలేదు. పెళ్లయిన కూతురు ప్రీతికి చెప్పినా ఒకటే, ఐదు నిమిషాల్లో తండ్రికి చేరుతుంది.

నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. టికెట్లు కొడుతూ కొడుతూ చెయ్యి మెడ మీదికి పోయేది. ఐదో రోజు లాస్ట్ స్టాపులో, డ్రైవరు చాయ్ తాగడానికి దిగినప్పుడు, ఖాళీ బస్సులో కూర్చొని గ్రూపులో రాసింది. “నా మెడకు గడ్డ వచ్చింది. ఇంట్ల చెప్పలే. భయమైతున్నది. మీకే చెప్తున్న.”

వెంటనే ఒకరు అల్లం రసం పట్టించమన్నారు. ఒకరు ఏదో ఆకు పేరు చెప్పారు. ఒకరు గడ్డలు కరిగించే మంత్రజలం వీడియో పంపారు. ప్రేమ్‌రాజ్ గొంతు వచ్చింది. “అక్కా, నా గణపతికి మెడల గడ్డ లేస్తే నేను తడిబట్టతోని తుడిచేస్త. నీది మట్టి గాదు. డాక్టర్ దగ్గరికి పో.”

చివరికి కోమలవల్లి రాసింది. “ఆకులూ వద్దు, రసాలూ వద్దు. గురువారం పొద్దున ఎనిమిదింటికి పెద్ద దవాఖానలో గొంతు డాక్టరు ఉంటారట, కనుక్కున్నాను. నువ్వు రా. నేనూ వస్తాను. ఒక్కదానివే పోవద్దు.”

రాజమణి ఆ మెసేజు మూడుసార్లు చదువుకుంది. ఎన్నడూ మొఖం చూడని మనిషి, మోకాళ్ల నొప్పులున్న మనిషి, తన కోసం దవాఖానకు వస్తానంటున్నది. “ఏ చీర కట్టుకుంటావు? గుర్తుపట్టాలి కదా” అని మళ్లీ మెసేజు వచ్చింది. “పచ్చ చీర” అని రాసి, బస్సు కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

గురువారం డ్యూటీకి సెలవు పెట్టి, ఇంట్లో మాత్రం డ్యూటీకనే చెప్పి బయలుదేరింది. దవాఖానలో చీటీలిచ్చే కౌంటరు దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. కోమలక్క కోసం అటూ ఇటూ చూసింది. ఆమె వయసు ఆడవాళ్లు ముప్పై మంది ఉన్నారు. సగం మంది మొఖాలకు మాస్కులు. చీటీ తీసుకొని తనూ మాస్కు పెట్టుకొని గొంతు డాక్టరు గది ముందుకొచ్చింది. అప్పటికే మోకాళ్లు సలుపుతున్నాయి. బెంచీలన్నీ నిండి ఉన్నాయి. ఒక్కచోట మాత్రం కుర్చీ ఖాళీగా ఉంది. ఖాళీ అంటే, దాని మీద ఒక గుడ్డసంచి ఉంది.

“అమ్మా, జెర గా సంచి తియ్యుండ్రి, కూసుంట” అంది రాజమణి.

పక్కన కూర్చున్న పెద్దావిడ కళ్లద్దాల పైనుంచి చూసి, “లేదమ్మా, మా మనిషి వస్తది” అంది.

“వచ్చినప్పుడు లేస్త.”

“ఇప్పుడే వస్తది. ఆమెకు ఒంట్లో బాగా లేదు.”

“ఇక్కడికొచ్చినోళ్లల్ల ఎవరికి బాగున్నదమ్మా?” రాజమణి గొంతు పెరిగింది. “సంచికి ఏమన్న టికెట్ తీస్కున్నవా? మనిషి నిలబడాలె, సంచి కూసోవాలెనా?”

“మర్యాదగా మాట్లాడు. నేను ఏడున్నర నుంచి ఆపి పెట్టిన ఈ సీటు.”

“ఆపుకోవడానికి ఇదేమన్న బస్సు కిటికీల కర్చీఫ్ ఏసుడా? గసుంటోళ్లను రోజూ నేను వంద మందిని చూస్త!”

చుట్టూ ఉన్నవాళ్లు నొప్పులు మరిచిపోయి చూస్తున్నారు. రాజమణి ఇంక ఆగలేదు. సంచి తీసి ఆవిడ ఒళ్లో పెట్టి కూర్చుంది. “అయ్యో, పులిహోర డబ్బా ఉన్నది అందుల!” అని ఆవిడ సంచిని రెండు చేతులా పట్టుకుంది. ఇద్దరూ చెరో వైపు మొఖం తిప్పుకున్నారు. చెరో ఫోను తీశారు.

కోమలవల్లి టైప్ చేసింది. “రాజమణీ, ఎక్కడున్నావు? ఆకుపచ్చ చీరలన్నీ వెతుకుతున్నాను. నీ కోసం ఆపిన సీటులో ఎవరో గయ్యాళి వచ్చి కూర్చుంది. సంచి తీసి నా ఒళ్లో పడేసింది.”

రాజమణి టైప్ చేసింది. “కోమలక్కా యాడున్నరు? ఇక్కడ ఒకామె సంచికి సీటు ఇస్తది గని మనిషికి ఇయ్యది. పెద్ద లొల్లి అయింది. సంచి తీసి ఆమె ఒళ్లనే పెట్టిన.”

ఆ మందపాటి గోడల మధ్య సిగ్నల్ వచ్చీ రానట్టు ఉంది. మెసేజులు కాసేపు తిరిగి తిరిగి పోయాయి. వాటిని ముందుగా చూసినవాడు ధూల్‌పేట్‌లో ఉన్న ప్రేమ్‌రాజ్. నిమిషం తర్వాత రెండు ఫోన్లూ ఒకేసారి మోగాయి. కోమలవల్లి కళ్లద్దాలు సర్దుకొని వాయిస్ మెసేజు నొక్కింది. ఫోను సౌండు ఫుల్లుగా ఉంది.

“అరె కోమలమ్మా! రాజమణక్కా! ఇద్దరు జెర ఫోన్లు పక్కకు పెట్టి మొఖాలు ఇటు తిప్పుండ్రి! ఒకామె సంచి పెట్టింది, ఒకామె సంచి తీసింది. గా సంచి ఒక్కటే గద! అరె భగవాన్, రాజమణక్క కోసం ఆపిన సీటు కోసం రాజమణక్కనే కొట్లాడుతున్నది!” తర్వాత మాటలు లేవు, నవ్వు మాత్రమే.

రాజమణి మెల్లగా తల తిప్పింది. కోమలవల్లీ తిప్పింది.

“నువ్వేనా?” అంది కోమలవల్లి. “పచ్చ చీర అన్నవు కదా! ఇది పసుపు!”

“పచ్చ అంటె గిదే కదక్కా! మీరనేది ఆకుపచ్చ.”

“పచ్చ అంటే ఆకుపచ్చే” అన్నాడు ఎదుటి బెంచీ మీది ముసలాయన. “కాదు, మా దిక్కు పసుపే” అంది పక్కనున్న ఇంకొకావిడ. బెంచీలు రెండు పక్షాలయ్యాయి. రాజమణి మాస్కు కిందికి లాగి, “తప్పయింది అక్కా, మస్తు మాటలన్న” అంటుంటేనే నవ్వు ఆగలేదు. కోమలవల్లి ఆమె చెయ్యి పట్టుకొని నవ్వుతూ నవ్వుతూ దగ్గింది. “నేను మాత్రం తక్కువ తిన్ననా? గయ్యాళి అని రాసిన. చదువకు, తీసేస్త” అంది. లోపలి నుంచి నర్సు వచ్చి, “ఇది దవాఖాననా, పెండ్లి ఇల్లా?” అని కసిరి, “రాజమణి ఎవరు?” అని పిలిచింది.

డాక్టరమ్మ చిన్న వయసుది. మెడ తడిమి చూసి, స్కానింగు చేయించి, సూదితో గడ్డలోంచి నమూనా తీయాలంది. సూది గుచ్చేటప్పుడు రాజమణి కోమలవల్లి చెయ్యి పట్టుకుంది. రాజమణి కళ్లు తెరుచుకునే ఉంది, కోమలవల్లే గట్టిగా మూసుకుంది. ఫలితం వచ్చే గురువారం ఇస్తామన్నారు.

మెట్ల మీద కూర్చొని పులిహోర తిన్నారు. కోమలవల్లి డబ్బా మూతలోకి ఇంకొంచెం వేస్తూ, “మీ ఆయనకు చెప్పు రాజమణీ” అంది.

“భయపడ్తడక్కా.”

“భయపడనీ. నీ పక్కన కూసోని భయపడ్తడు. వారం రోజులు నువ్వు దాచిపెడితే ఆయనకు అనుమానం రాదా? అప్పుడు ఇంతకంటె ఎక్కువ భయపడ్తడు.”

ఆ సాయంత్రం సీమోను చాయ్ తాగుతుంటే రాజమణి అంతా చెప్పేసింది. సీమోను కప్పు కింద పెట్టాడు. తర్వాత, “మొఖం తెల్వనోళ్లకు చెప్పినవ్. నాకు చెప్పలే” అన్నాడు.

“నీ మొఖం తెల్సు కాబట్టే చెప్పలే” అంది రాజమణి. “చెల్లె పోయినప్పుడు నీ మొఖం ఎట్లుండెనో నాకు యాదున్నది. మళ్ల గట్ల చూడలేననుకున్న. వాళ్లయితే కనవడరు, చెప్పుడు అల్కగైంది, బరువనిపియ్యలే.”

సీమోను లేచి, ఆమె మెడ మీద చెయ్యి పెట్టి గడ్డను వేలితో మెల్లగా చూశాడు. “నొస్తుందా?” అన్నాడు. “లేదు” అంది. ఆ రోజు వంట తనే చేశాడు. పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాడు. ఇద్దరూ తిన్నారు.

ఆ వారం గ్రూపులో ఎవరూ గడ్డ మాట ఎత్తలేదు, కానీ రోజూ ఎవరో ఒకరు ఆమెను నవ్వించే పని పెట్టుకున్నారు. కోమలవల్లి ఆ కోడిపెట్ట తరఫున ఆధార్ కార్డుకు దరఖాస్తు రాసి పెట్టింది, చివర ‘ఇట్లు, తమ విధేయురాలు’ అని కూడా. ప్రేమ్‌రాజ్ విగ్రహం వెనుక నుంచి గణపతి గొంతుతో, “కిషన్‌బాగ్ కండక్టరమ్మకు నా వాహనం ఫ్రీ” అన్నాడు. రాజమణి నవ్వుతుంటే సీమోను వచ్చి భుజం మీదుగా చూసేవాడు. మూడో రోజుకు, “ఇయ్యాల గాయన ఏమన్నడు?” అని తనే అడగడం మొదలుపెట్టాడు.

గురువారం రాజమణి, సీమోను, కోమలవల్లి ముగ్గురూ డాక్టరమ్మ ముందు కూర్చున్నారు. ఆమె కాగితం చూసి, “క్యాన్సర్ కాదు. మామూలు థైరాయిడ్ గడ్డ. ఆరు నెలలకొకసారి చూపించుకోండి చాలు” అంది.

“కాదా?” అన్నాడు సీమోను.

“కాదు.”

“పక్కానా మేడమ్?”

“పక్కా.”

“మల్లొకసారి చెప్పుండ్రి మేడమ్” అన్నాడు. డాక్టరమ్మ నవ్వి మళ్లీ చెప్పింది. బయటికి రాగానే సీమోను గోడకానుకొని నిలబడి, కర్చీఫ్‌తో మొఖమంతా కప్పుకొని ఏడ్చాడు. కోమలవల్లి ఆయన భుజం మీద తట్టి, తనూ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

రాజమణి గ్రూపులో రాయబోయింది గానీ ఒక్కో అక్షరం నొక్కేంత ఓపిక లేకపోయింది. జీవితంలో మొదటిసారి వాయిస్ మెసేజు పెట్టింది. “ఏం లేదంట. మామూలు గడ్డనంట. అందరికి... అందరికి...” అని, ఆ మాట పూర్తి చేయలేక పంపేసింది.

జవాబు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. ప్రేమ్‌రాజ్ మెసేజు నొక్కితే అందులో ఉన్నది ఆయన గొంతు ఒక్కటే కాదు. “అరె సునో, కుచ్ నహీ హై బోల్ రహే! ఏం లేదంట!” అని ఆయన అరవడం, ఆ వెంటనే కార్ఖానాలో పది పన్నెండు మంది ఒక్కసారి కేకలు వేయడం, ఎవరో రంగు డబ్బా మీద డప్పు కొట్టినట్టు దరువేయడం.

సీమోను ఎర్రబడ్డ కళ్లతో ఫోను వైపు చూశాడు. “వీళ్లందరు ఎవరు?”

“నాకూ తెల్వది” అంది రాజమణి.

కోమలవల్లి, “మళ్లీ పెట్టు, ఇంకోసారి విందాం” అంది. ముగ్గురూ దవాఖాన వరండాలో తలలు దగ్గరగా పెట్టుకొని మళ్లీ విన్నారు.