చేత్తో ఎత్తగలిగే పంపు

పెద్ద వరద వచ్చిపోయిన మూడో ఏడు అది. టీచరమ్మ ఇంటి పెరట్లో ఈతకొలను నీళ్ళు పచ్చబడ్డాయి. పంపు మళ్ళీ కాలిపోయింది.

టీచరమ్మంటే బళ్ళో పాఠాలు చెప్పే మనిషి కాదు. ఇంట్లోనే పిల్లలకు ఈత నేర్పుతుంది. అందులోనూ నీళ్ళంటే జడిసే పిల్లల్ని ఏరికోరి చేర్చుకుంటుంది. వరద తరవాత ఆ చుట్టుపక్కల అలాంటి పిల్లలకు కొదవ లేదు.

కబురు అందగానే పంపుల మేస్త్రీ సంచీ భుజాన వేసుకుని వచ్చాడు.

"అన్నయ్యగారూ, కొత్తది ఏది పెడతారో మీ ఇష్టం. అదీ పోయిందంటే మాత్రం పూల్‌లో మట్టి పోయించి వంగతోట వేసేస్తాను," అంది టీచరమ్మ.

నవ్వుతూనే అంది గానీ, వంటగది గోడ మీద క్యాలెండరులో మట్టి లారీవాళ్ళ నంబరు రాసి ఉండడం మేస్త్రీ కంటపడింది.

"వంకాయ నాకు పడదమ్మా," అని పంపు ముందు నిలబడ్డాడు.

ఇంకెప్పుడైనా అయితే పాతది విప్పి, అలాంటిదే కొత్తది బిగించి వెళ్ళిపోయేవాడు. ఈసారి చెయ్యి ఆడలేదు. వరదలో మునిగి పోయిన మొదటి పంపు అంతకు ముందు తొమ్మిదేళ్ళు ఆడింది. దాని తరవాతది పధ్నాలుగు నెలలు. ఇది పదహారు. కంపెనీ అదే, నీళ్ళు అవే, స్విచ్చి వేసే చెయ్యీ అదే. మరి మారిందేమిటి?

పంపు దించి విప్పాడు. నీళ్ళు కారకుండా ఆపే సీలు కరిగి ముద్దయింది. ఇసుక లేదు, తుప్పు లేదు. ఇది నీళ్ళలో నాని చెడింది కాదు, నీళ్ళందక మాడింది. పది అడుగుల్లో కొలను నిండా నీళ్ళు పెట్టుకుని దీనికి దాహమేమిటి?

"పొద్దున స్విచ్చి వెయ్యగానే చప్పుడు ఎలా ఉండేదమ్మా?"

"గులకరాళ్ళు నమిలినట్టు. కాసేపటికి సర్దుకునేది."

"కాసేపంటే?"

"మొదట్లో అర నిమిషం. ఈమధ్య నేను టీ పెట్టుకుని తాగొచ్చేదాకా."

మేస్త్రీ సంచీలోంచి దారం తీశాడు. కొలను నీటిమట్టం నుంచి పంపు కూర్చునే సిమెంటు దిమ్మ దాకా కొలిచాడు. ఏడు జానల ఎత్తు. ఇంకోసారి కొలిచాడు. ఏడే.

రాత్రి పంపు ఆపగానే గొట్టంలో నీళ్ళు కిందికి జారిపోతున్నాయి. పొద్దున ఉత్త గాలి మింగుతూ తిరుగుతోంది పంపు. మునుపు మొదటి పంపు కొలను పక్కనే నీటిమట్టానికి దిగువన గుంటలో ఉండేది. అక్కడ నీళ్ళు వాటంతటవే వచ్చి నిండేవి.

ఆ దిమ్మ కట్టింది తనే. వరద తగ్గిన వారానికి, పంపు మళ్ళీ మునగకూడదని, గోడ మీది వరద మరకకు బెత్తెడు పైన కట్టాడు. వీధంతా వచ్చి చూసి భేష్ అంది. తనూ రెండు మూడు సార్లు పనిగట్టుకుని ఆ దారిన వెళ్ళి చూసుకున్నాడు.

దారం చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"పదండమ్మా, మా బావమరిది కొట్టుకు."

సంగతి వినగానే బావమరిది పెద్ద పంపు ఒకటి బల్ల మీదికి ఎక్కించాడు. "రెండు హార్స్‌పవరు బావా. కొలను అడుగున చీమున్నా లాగేస్తుంది."

"అమ్మా, దాన్ని ఎత్తండి," అన్నాడు మేస్త్రీ.

"నేనా?"

"మీరే."

టీచరమ్మ రెండు చేతులూ వేసింది. బల్ల మీంచి జానెడు లేపి, ఉస్సురంటూ దించేసింది.

మేస్త్రీ మూలనున్న అర హార్స్‌పవరుది చూపించాడు. టీచరమ్మ దాన్ని చంకనెత్తుకుని కొట్టంతా ఒక చుట్టు తిరిగొచ్చింది.

"పంపు కొంటున్నారా, పసిపిల్లని ఆడిస్తున్నారా?" అన్నాడు బావమరిది. "ఇంతది ఆ కొలనుకి ఏ మూలకి బావా?"

"ఎనిమిది గంటలు తిరిగితే నీళ్ళన్నీ ఒకసారి వడపోతకొస్తాయి. చాలు." మేస్త్రీ టీచరమ్మ వైపు తిరిగాడు. "రెండు పంపులూ మాడింది వాటి తప్పు కాదమ్మా. నా దిమ్మది. ఎత్తు ఎక్కువైంది. కొత్తది పాత గుంటలోనే పెడతాను."

బావమరిది జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఉండు బావా, అక్కకి ఫోన్ చేస్తాను," అన్నాడు బావమరిది. "నువ్వు తప్పు ఒప్పుకోగా వినాలని పాతికేళ్ళుగా కాచుక్కూర్చుంది."

టీచరమ్మ నవ్వలేదు. "గుంటలో పెడితే, మళ్ళీ వరదొస్తే?"

"గొట్టాలకి చేత్తో తిప్పి విప్పే బిగింపులు రెండు పెడతాను. తిప్పి, చంకనెత్తుకుని మేడెక్కెయ్యండి. అందుకే ఎత్తి చూడమన్నాను."

ఆమె పంపు ఇంకా కింద పెట్టలేదు. "అయితే ఇదే," అంది.

ఆ సాయంత్రమే పంపు గుంటలో కూర్చుంది. స్విచ్చి వెయ్యగానే నీళ్ళు పట్టింది. మేస్త్రీ గాజులాంటి మూతలోంచి లోపలికి చూస్తూ గొంతుక్కూర్చున్నాడు. ఒక్క బుడగ లేదు. ఆపించాడు. టీ పెట్టుకు రమ్మన్నాడు. తాగాక మళ్ళీ వేయించాడు. గులకరాళ్ళ చప్పుడు లేదు.

"అయినా రాత్రంతా ఆపి చూడాలి," అని వెళ్ళిపోయాడు.

మర్నాడు పిల్లలు రాకముందే వచ్చి తనే స్విచ్చి వేశాడు. చెవి ఆనించి విన్నాడు. తరవాత సంచీలోంచి సుత్తి, ఉలి తీసి, దిమ్మ పగలగొట్టడం మొదలుపెట్టాడు.