పడుకుని చూసేవాళ్ల బొమ్మ

పెన్సిల్ చెక్కిన పొట్టు మా ఆయన కాఫీ కప్పులో వేశానని ఆ ఉదయం గొడవ. కప్పు ఖాళీ అనుకున్నానన్నాను. అడుగున రెండు గుక్కలు మిగిలాయనీ, పంచదారంతా అక్కడే ఉంటుందనీ, వాటికోసమే పైదంతా తాగుతాననీ ఆయన వాదన. అయితే రేపటినుంచి కలుపుకుని తాగమన్నాను. ఆయన మూతి ముడుచుకుని ఆఫీసుకు వెళ్లిపోయారు.

నా బుర్రంతా వేరే పని మీద ఉంది. పిల్లల ఆసుపత్రిలో వార్డు నుంచి ఆపరేషన్ గదికి వెళ్లే వరండా గోడకు బొమ్మలు వేయమని అక్కడి పెద్ద నర్సు అడిగింది. పెళ్లయ్యాక ఇంటి బయట నాకు వచ్చిన మొదటి పని. ఏం వేస్తానో మర్నాడు చెప్పాలి. చెప్పలేకపోతే బోర్డులు రాసే పెయింటరుకు ఇచ్చేస్తారు. అతను ఎక్కడైనా అవే రెండు కుందేళ్లు వేస్తాడు.

నా తోడికోడలూ నేనూ ఆలోచనకు కూర్చుంటే ఒకటే నియమం. కూరగాయలు తరగడం పూర్తయ్యేదాకా ఎవరి మాటనూ ఎవరూ బాగాలేదనకూడదు. తను అడవి అంది. నేను చేపలన్నాను. తర్వాత రైలు, గాలిపటాలు, గొడుగు పట్టుకున్న ఏనుగు. నాకు కంగారు లేదు. నీళ్లు ఆగి వచ్చినప్పుడు కుళాయి ముందు గాలి కక్కుతుంది, తర్వాత తుప్పునీళ్లు. ఎక్కడో చూసిన బొమ్మలన్నీ అలాగే ముందు పోవాలి. మధ్యలో కట్టేయకూడదు, అంతే.

బీన్స్ అయ్యాయి, క్యారెట్లు అయ్యాయి, ఇంకా తుప్పే. నియమం చెడకుండా రేపటి ఉల్లిపాయలు కూడా తెచ్చి ముందు పెట్టాను.

"ఇలా అయితే పెళ్లి వంటకు సరిపడా తరుగుతాం అక్కా," అని తోడికోడలు నడుం పట్టేసి నేలమీద వెల్లకిలా పడుకుంది.

గోడకు అంటించిన కాగితం మీద ఏనుగును గీసి, ఎలా ఉందని అడిగాను.

"ఇక్కణ్ణుంచి ఏనుగెక్కడ కనబడుతుంది? పైకప్పూ, నీ గడ్డమూ తప్ప."

పెన్సిల్ ఆగిపోయింది. ఆ వరండాలో పిల్లలెవరూ నడిచి వెళ్లరు. చక్రాల మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి తోసుకెళ్తారు. గోడను చూసేది పక్కన నడిచే పెద్దవాళ్లు. చిక్కుపడ్డ దారం కొస వేలికి తగిలినట్టయింది. లాగుతుంటే మిగతాదంతా దానంతటదే వచ్చింది. నీళ్ల అడుగున పడుకుని పైకి చూస్తున్నట్టు, పడవల అడుగులు, ఈదే బాతుల కాళ్లు, పైనుంచి తొంగిచూసే మొహాలు. ఇందాకటి చేపలకూ అందులో చోటు దొరికింది.

రాత్రి అందరూ భోజనానికి కూర్చున్నాక, గోడ వద్దని చెప్పబోతున్నానన్నాను. ఇస్తామన్నది గోడ కదా, కాదంటే ఉన్న పనీ పోతుందేమోనని మా ఆయన మెల్లగా అన్నారు.

"పోతే కుందేళ్లు వేయించుకుంటారు. పడుకున్న పిల్లలకు అవెలాగూ కనబడవు. నేను వేస్తే పైకప్పు మీదే వేస్తాను."