కత్తెరకు అందని తీగ

ఏప్రిల్ పదకొండున నా భార్యా నేనూ ఆసుపత్రి మంచం మీద కూర్చుని రెండు బ్రెడ్డు ముక్కలు, చిన్న గిన్నెడు స్ట్రాబెర్రీలు తిన్నాం. మా బాల్కనీ తొట్టెల్లో తను పెంచిన మొక్కల పళ్లే. ఒకటి సగం కొరికి, మిగతా సగం నా చేతిలో పెట్టింది.

"పుల్లబడ్డాయి. తీగలు కత్తిరించడం లేదు కదూ?" అంది.

స్ట్రాబెర్రీ మొక్క నేలబారున తీగలు చాపుతుంది. వదిలేస్తే పండుకు అందాల్సిన బలం వాటికి పోతుందట. ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లి అన్నీ కత్తిరించాను. మే నెల దాటకుండానే తను వెళ్లిపోయింది. నేను మాత్రం కత్తెర వదల్లేదు. తీగ తల ఎత్తడమే ఆలస్యం, తుంచేవాణ్ణి. తను చెప్పిన పనుల్లో ఇంకా చెయ్యడానికి మిగిలింది అదొక్కటే.

వానలు వెళ్లేసరికి ఆకులు ఎర్రబారి, నడిమి చిగురు మొవ్వులు ఎండడం మొదలైంది. ఎరువు వేశాను. లాభం లేకపోయింది. కింది అంతస్తులో ఉండే మా వదినను, అంటే నా భార్య అక్కను, పిలిచాను. ఈ మొక్కల పెంపకం అక్కచెల్లెళ్లిద్దరూ కలిసే నేర్చుకున్నారు.

ఆవిడ తొట్టెలన్నీ చూసి, పిల్లమొక్కలేవని అడిగింది. ఈ మొక్క మూడేళ్లకు ఉడిగిపోతుందనీ, కాపు అయ్యాక తీగల్ని వదిలేస్తే వాటి కొసలే వేళ్లు పట్టి కొత్త మొక్కలవుతాయనీ, కత్తిరించమన్నది కాపు రోజుల మాటేననీ చెప్పింది. ఒక్కటీ ఉంచలేదన్నాను.

ఆవిడ ఎండిన ఆకు ఒకటి తుంచింది. తర్వాత, "పెళ్లాం మాట ఇంత గట్టిగా వినే మనిషని తెలిస్తే అది ఇంకో నాలుగు చెప్పి పోయేది, మరిదిగారూ," అంది.

నవ్వబోయాను. నవ్వు రాలేదు.

ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని తొట్టెల వెనక గోడ సందులో తడిమింది. చివరి తొట్టె వెనక్కి ఒక తీగ జారిపోయి, వెలుగు లేక పాలిపోయి ఉంది. కొసన గోరంత ఆకులు రెండు. దాన్ని జాగ్రత్తగా పైకి తీసి, పక్కనే ఒక చిన్న కుండీలో మట్టి మీద ఆనించి, తన జడలోంచి పిన్ను తీసి కదలకుండా గుచ్చింది. మొవ్వు మాత్రం మట్టిలో పూడిపోకూడదంది.

రోజూ నీళ్లు చిలకరించాను. చలి ముదిరాక ఒక సాయంత్రం ఆవిడ వచ్చి, ఆకు పట్టుకుని మెల్లిగా లాగి చూసింది. ఊడి రాలేదు.

"వేళ్లు పట్టింది. ఇక తీగ కొయ్యండి," అని కత్తెర అందించింది.

తల్లిమొక్కకు అప్పటికి ఒక్క ఆకే పచ్చగా ఉంది. ఇంకొన్నాళ్లు ఉండనిద్దామన్నాను.

"ఉంచితే అది దీనికోసం ఇంకా పీల్చి ఇస్తూనే ఉంటుంది. చాలు, దాన్ని వదిలెయ్యండి."

కోశాను.

ఆ రాత్రి మంచు పడుతుందన్నారు. కుండీని లోపలికి తెచ్చి కిటికీ పక్కన పెట్టాను. వదిన పాత తొట్టెల మీద గోనెపట్టా కప్పి, అంచులు సర్దింది, వాటికి ఇక అక్కర్లేదని తెలిసి కూడా. తర్వాత లోపలికి వచ్చి, బాల్కనీ తలుపు చప్పుడు కాకుండా వేసింది.