తెగాల్సిన దారం

“తెగకపోతే ఏం చేస్తావే? నేనడిగేది అదొక్కటే. ఆ దారం తెగకపోతే నీ చెయ్యేం గాను?”

వంటింటి గుమ్మంలో నిలబడి రోవెనా అడిగింది. అప్పటికింకా దారం కొననే లేదు. గాలపు కర్రా కొనలేదు. ట్రక్కు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డ కూతురు మార్లీ తల్లివైపు చూసి ఊపిరి వదిలింది.

“ముందు కొననియ్యమ్మా. కొన్నాక భయపడుదువుగాని.”

“కొన్నాక భయపడి ఏం లాభం?” అంటూనే రోవెనా కోటు తగిలించుకుని వచ్చి ట్రక్కెక్కింది. పిల్లని ఒంటరిగా పంపితే ఏం తెచ్చుకుంటుందో అని ఆమె బెంగ.

శనివారం సరస్సులో హైస్కూలు జట్లకి బాస్ చేపలు పట్టే పోటీ. కిందటేడు మార్లీ పేరు ఇచ్చి కూడా వెళ్ళలేదు. ఆ పోటీకి ముందే తండ్రి పోయాడు. ఈ ఏడు వెళ్తానంటోంది. రోవెనా సరే అనలేదు, వద్దనీ అనలేదు. వద్దంటే పిల్ల ఇంకా బిగుసుకుపోతుందని భయం. సరే అంటే ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని తర్వాత ఏడవాల్సి వస్తుందని ఇంకో భయం.

ఆమె భర్త గ్యారెట్ ఆ సరస్సులోనే పోయాడు. ఫిబ్రవరి చివర్లో, నీళ్ళు ఇంకా ఎముకలు కొరికేంత చల్లగా ఉన్న రోజు, ఒక్కడే పడవేసుకుని వెళ్ళాడు. ఆనకట్ట కట్టకముందు అక్కడంతా అడవి. నీళ్ళ కింద ఇప్పటికీ మోళ్ళు నిలబడే ఉన్నాయి. గాలం ఓ మోడుకి తగులుకుంది. దాన్ని తెంపడానికి దారాన్ని కుడిచేతికి రెండు మెలికలు చుట్టి లాగాడు. ఈ చుట్టుపక్కల మగాళ్ళంతా చేసే పనే అది. నైలాను దారాల రోజుల్లో నేర్చుకున్న అలవాటు. కానీ గ్యారెట్ రీలు మీద ఉన్నది సన్న పోగులు కలిపి అల్లిన అల్లిక దారం. కండ కోసుకుపోవాలిగాని అది తెగదు. గాలికి పడవ జరిగింది. అతను నీళ్ళలో పడ్డాడు, చెయ్యి మోడుకి కట్టేసినట్టు ఉండిపోయింది. మర్నాడు పొద్దున వెతుక్కుంటూ వెళ్ళి బయటికి తీసింది అతని తండ్రి హోలిస్.

ఇదంతా ఊళ్ళో అందరికీ తెలుసు. రోవెనాని తినేస్తున్నది ఇంకొకటి. షెరీఫ్ దగ్గర్నుంచి వచ్చిన మనిషి ఆమెకి ఓ కవరు ఇచ్చాడు. అందులో గ్యారెట్ మడతకత్తి. జేబులో ఉందన్నాడు. మడిచే ఉంది.

కత్తి జేబులో పెట్టుకుని ఎందుకు కోసుకోలేదు?

మిల్లు మూతపడ్డాక ఆ చలికాలమంతా గ్యారెట్ నోట మాటే కరువైపోయింది. అన్నం ముందు కూర్చుని ఎటో చూసేవాడు. బతకాలనే లేక చేతులు కట్టుకుని ఊరుకున్నాడా? ఈ మాట ఆమె పాస్టరుతోనూ అనలేదు, అక్కతోనూ అనలేదు. ఇప్పుడు మార్లీ కూడా పళ్ళెం ముందు అచ్చు అలాగే కూర్చుంటోంది. అదే చూపు. ఆ చూపున్న పిల్లని ఆ నీళ్ళ మీదికి పంపడమంటే రోవెనాకి పై ప్రాణాలు పైనే పోతున్నాయి.

ఎరల కొట్టు బ్యూఫర్డ్‌ది. శనివారం మార్లీ వాళ్ళ పడవ నడపబోయేదీ అతనే. కౌంటరు వెనక వేయించిన వేరుశనగలు నములుతూ తలెత్తాడు.

“ఏమ్మా మార్లీ, అమ్మని తెచ్చావా, లాయర్ని తెచ్చావా?”

“రెండూ ఒకటే మా ఇంట్లో,” అంది మార్లీ.

“రా తల్లీ రోవెనా. ఐస్ టీ తాగు. నిన్నటిదే అయినా తియ్యగా ఉంది.”

రోవెనా టీ ముట్టలేదు. మార్లీ వరసగా నిలబెట్టిన కర్రల్లోంచి ఒకటి తీసి గాల్లో ఊపబోతే బ్యూఫర్డ్ ఆపాడు.

“ఊపితే ఏం తెలుస్తుంది, ఈగలు పోతాయి. రీలు తగిలించి చూడు.”

మార్లీ రీలు బిగించి, దాని ముందు చూపుడువేలు పెట్టి కర్రని అడ్డంగా ఆ వేలి మీద ఆనించింది. కొన నేలకి వాలిపోయింది. అది పక్కన పెట్టి ఇంకోటి తీసింది. ఇంకోటి. నాలుగోది వేలి మీద తక్కెడ ముల్లులా నిలిచింది. కొనని బ్యూఫర్డ్ గుప్పిట్లో పట్టుకుంటే, పిల్ల పిడిని ఎత్తింది. కర్ర పైభాగంలో వంగి, పిడి దగ్గర గట్టిగా నిలబడింది. తర్వాత రీలు మీదున్న పాత దారానికి సీసం గుండు కట్టి, రీలు వదిలి కిందికి జారనిచ్చింది. గుండు నేలని తాకగానే రీలు తిరగడం ఆగింది. ఆగకుండా తిరిగితే దారం చిక్కుపడి పిచ్చుక గూడు అయిపోతుంది. గ్యారెట్ కూడా ఇదే చోట నిలబడి ఇలాగే చేసేవాడు. రోవెనా గోడ మీది చేపల బొమ్మలవైపు తిరిగింది.

“ఇక దారం,” అన్నాడు బ్యూఫర్డ్.

“ఇందులో అన్నిటికన్నా తొందరగా తెగేది ఏది?” రోవెనా అడిగింది.

బ్యూఫర్డ్ నమలడం ఆపాడు. “ఇన్నేళ్ళ నుంచీ అమ్ముతున్నా. ఆ మాట అడిగిన మొదటి మనిషివి నువ్వే.”

“అడిగానుగా. చెప్పు.”

“అదిగో, కిటికీలో ఎండకి మాడుతోందే ఆ చుట్ట. పోయిన ప్రభుత్వం నాటిది. నువ్వు గట్టిగా తిడితే తెగుతుంది.”

“అదే ఇవ్వు.”

“అమ్మా,” అంది మార్లీ పళ్ళ బిగువున.

“నవ్వులాటకి అన్నాను తల్లీ. అలాంటిదాంతో చేపా రాదు, గాలమూ మిగలదు. నాచులోంచి లాగాలంటే ఎవరైనా వాడేది అల్లిక...” బ్యూఫర్డ్ అంతటితో నాలుక కరుచుకున్నాడు.

అల్లిక దారం చుట్టలు మార్లీ చేతికి అందేంత దగ్గర్లోనే ఉన్నాయి. పిల్ల వాటివైపు చూసి, పక్క వరసలోంచి నైలాను చుట్ట తీసి కౌంటరు మీద పెట్టింది.

“పన్నెండు పౌన్ల బరువు ఆపేది చాలు. నేను నాచు జోలికి పోను. రాళ్ళ గట్టు వెంబడే వేస్తాను.”

“గట్టు దగ్గర మాత్రం మోళ్ళుండవూ?” అంది రోవెనా.

“ఉంటాయి. తగులుకుంటే తెగుతుంది. నీకు కావలసింది అదేగా?”

“నేనుంటాను కదా తల్లీ పక్కన,” అన్నాడు బ్యూఫర్డ్.

“నువ్వు పడవ వెనకుంటావు. అది ముందుంటుంది,” అంది రోవెనా. అతను చుట్టని సంచిలో వేశాడు.

ట్రక్కులో మార్లీ కొత్త కర్రకున్న అట్టముక్క కోయడానికి జీన్సు జేబులోంచి కత్తి తీసింది. తండ్రి కత్తి. గ్యారెట్ తాత నుంచి వస్తోంది అది. గట్టి స్ప్రింగు. గోరు పెట్టి లాగితే గోరు జారింది.

“కాస్త ఈ కర్ర పట్టుకో అమ్మా. దీనికి రెండు చేతులూ కావాలి.”

రోవెనా పట్టుకుంది. ఆమె కళ్ళు కత్తి మీద ఉన్నా, మనసు శనివారం మీదే ఉంది.

ఇంటి వెనక రేకుల షెడ్డు ముందు హోలిస్ కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. కొడుకు పోయాక ఆయన రోవెనాతో ఒక్క మాట మాట్లాడలేదు. తప్పు ఆమెదే. సమాధి చేసి వచ్చాక, చర్చి హాల్లో, అందరూ భోజనం పళ్ళేలు పట్టుకుని నిలబడ్డప్పుడు, “ఆ దారం రీలుకి చుట్టింది మీరే కదా మామయ్యా,” అనేసింది. నిజమే, ఇంట్లో రీళ్ళన్నిటికీ దారం చుట్టేది ఆయనే. ఆయన పళ్ళెం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ ఆమె రోజూ మొక్కజొన్న రొట్టె, ఆకుకూర పంపుతుంది. ఆయన తిని, గిన్నె కడిగి మెట్టు మీద పెట్టి పోతాడు. మార్లీతోనూ మాట కరువే. పిల్ల పొడిపొడిగా మాట్లాడుతుంటే కుక్క తల నిమురుతూ వింటాడు.

మార్లీ కర్రా రీలూ దారం చుట్టా ఆయన ముందు పెట్టింది.

“చుడతావా తాతా?”

హోలిస్ చుట్టని బక్కెట్ నీళ్ళలో వేశాడు. తడిగుడ్డ మడిచి వేళ్ళ మధ్య పెట్టుకుని, దాని లోంచి దారాన్ని బిగువుగా లాగుతూ మెల్లగా చుట్టాడు. దారం రీలు మీద ఒక వరసలో పడింది. దూది పీలిక తీసుకుని కర్రకున్న ఉంగరాల్లో ఒక్కోదాన్నీ తుడిచి, దూది ఎక్కడైనా గరుకుకి చిక్కుకుంటుందేమో చూశాడు. ఎక్కడా చిక్కుకోలేదు. రోవెనా పోదామనుకుంటూనే అక్కడే నిలబడింది.

ఇక పరీక్ష. హోలిస్ షెడ్డు స్తంభానికి కొక్కెం త్రాసు తగిలించి, దారం కొనకి ఉమ్మి తడి చేసి ముడి బిగించి, మార్లీకి తలూపాడు. కర్ర వంగింది. నాలుగు పౌన్ల దగ్గర రీలు కిరకిరమంటూ దారం వదిలింది. ఆయన రీలు మర ఇంకాస్త సడలించాడు. మళ్ళీ లాగితే మూడు దగ్గరే వదిలింది. ఆయన మళ్ళీ తలూపాడు.

“ఇప్పుడు తెంపి చూపిస్తా, అమ్మకి నమ్మకం రావాలి,” అంటూ మార్లీ కర్ర కింద పెట్టింది. తెంపాలనగానే దారాన్ని కుడిచేతికి రెండు మెలికలు చుట్టింది. ఎవరూ నేర్పలేదు. పుట్టిన దగ్గర్నుంచీ చూసిందే.

రోవెనా ఒక అడుగు ముందుకు వేసింది. ఈలోగా ముసలాయన కుర్చీలోంచి లేచి, ఒక్క అంగలో పిల్ల మణికట్టు పట్టుకున్నాడు. మెలికలు విప్పాడు. షెడ్డులోంచి విరిగిన సుత్తి పిడి ముక్క తెచ్చి, దారాన్ని దానికి చుట్టి, పిల్ల రెండు చేతుల్లోనూ పెట్టాడు.

మార్లీ లాగింది. దారం టప్పున తెగింది. చేతిలో చెక్క మిగిలింది.

అంతటితో హోలిస్ ఊరుకోలేదు. పిల్ల జేబువైపు చెయ్యి చాపాడు. మార్లీకి మొదట అర్థం కాలేదు.

“కత్తా? నాన్నది తాతా. శనివారం నా దగ్గర ఉండాలి.”

ఆయన చెయ్యి చాపే ఉంచాడు. మార్లీ ఇచ్చింది. ఆయన కత్తిని తన చొక్కా జేబులో వేసుకుని, మేకుకి వేలాడుతున్న చిన్న కత్తెర తీసుకున్నాడు. ఒంటిచేత్తో నొక్కితే తెగే రకం. దానికి తాడు కట్టి పిల్ల మెడలో వేశాడు. తాడు పొడవు చూసి, ఎడం చెయ్యి పట్టుకుని కత్తెర దాకా తీసుకెళ్ళాడు. అందుతోంది. కుడిచెయ్యి వీపు వెనక పెట్టించి, ఎడంచేత్తో మళ్ళీ అందుకోమన్నట్టు సైగ చేశాడు. మార్లీ అందుకుంది. ఆయన ఇంకోసారి చేయించాడు.

ఇన్నాళ్ళూ రోవెనా ఎవరితోనూ అననిది కూతురి ముందే బయటికి వచ్చేసింది.

“మామయ్యా, ఆ రోజు చర్చిలో నేనన్న మాట తప్పే. మీరు నన్ను తిట్టినా పడతాను. కానీ ఒకటి చెప్పండి. ఆ కత్తి ఆయన జేబులోనే ఉందిగా. ఎందుకు కోసుకోలేదు? ఆయనకి బయటికి రావాలని ఉందా, లేదా? అది తెలియకుండా దీన్ని నేను పంపలేను. పంపను.”

మార్లీ తల్లివైపు తిరిగింది. ఇలా అడగకూడదనుకుంది రోవెనా. కానీ పిల్ల ఆశ్చర్యపోలేదు. అది చూసి రోవెనాకి ఇంకా భయం వేసింది.

“నాకూ అదే తెలియాలి తాతా,” అంది మార్లీ, కింద పడ్డ దారం ముక్క చూస్తూ.

హోలిస్ కుర్చీలో కూర్చున్నాడు. కుక్క లేచి వచ్చి ఆయన కాలికి ఆనుకుని పడుకుంది. త్రాసు కొక్కెం గాలికి ఊగి స్తంభానికి తగులుతోంది. ఆయన ఎప్పటిలాగే లేచి లోపలికి వెళ్ళిపోతాడనుకుంది రోవెనా. ఆయన జేబులోంచి కత్తి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. ఒక చేత్తోనే దాని మడత విప్పడానికి బొటనవేలితో నెట్టాడు. రాలేదు. ఇంకోసారి నెట్టాడు. నీడ కుర్చీ కాళ్ళు దాటి గడ్డిలోకి పాకింది.

“జేబులో లేదమ్మా,” అన్నాడు చివరికి. వాడకంలో లేని గొంతు బొంగురుగా వచ్చింది. “నోట్లో ఉంది. ఎడంచేత్తో పట్టుకుని పళ్ళతో మడత విప్పబోయాడు. ముందు పన్ను విరిగిపోయింది కూడా. షెరీఫ్ మనుషులు వచ్చేలోగా నేనే తీసి, తుడిచి, జేబులో పెట్టాను. నువ్వు వాణ్ణి అట్లా చూడకూడదని.”