లొసివాలె ఇంటిముందు సన్నచాప

మా ఊరి చర్చి గంట ఒక ఖాళీ గ్యాసు సిలిండరు. సీమపనస కొమ్మకి వేలాడుతూ ఉంటుంది. ఇనపకడ్డీతో దాన్ని బాదడం నా ఉద్యోగం. అందుకే ఊళ్ళో నన్ను గ్యాసు కొట్టే సిలివేలియో అంటారు. కడ్డీ పక్కన పెట్టి నోరు తెరిచినా ఆ పేరు మార్చక్కర్లేదని మా అక్క ఫువాతినో అభిప్రాయం.

అక్క అభిప్రాయమంటే మా సమోవాలో తమ్ముడికి చట్టం. పెద్దల సభ తీర్పు ఇస్తే అప్పీలుంది. అక్క తీర్పు ఇస్తే అమలే ఉంది, అప్పీలు లేదు.

శనివారం మధ్యాహ్నం నేను ఆదివారం వంటకి కొబ్బరి కోరుతున్నాను. అక్క వచ్చి ఎదురుగా కూర్చుని, తెల్లారగానే లొసివాలె ఇంటిముందు సన్నచాప కప్పుకుని కూర్చుంటానని చెప్పింది. వర్షం వచ్చేలా ఉంది అన్నంత మామూలుగా చెప్పింది. నేను కొబ్బరితో పాటు బొటనవేలు కూడా కోరుకున్నాను.

మాలో అలా కూర్చోవడమంటే హత్యో, అంతటి ఘోరమో జరగాలి. తప్పు చేసినవాళ్ళు తెల్లవారకముందే ఎదుటివాళ్ళ ఇంటిముందుకెళ్ళి, వంశంలోకెల్లా మంచి చాప నెత్తిన కప్పుకుని వంగి కూర్చుంటారు. పక్కన కట్టెలు, పొయ్యిరాళ్ళు పెట్టుకుంటారు. కోపం తీరకపోతే మమ్మల్ని కాల్చుకు తినండి అని అర్థం. ఎదుటివాళ్ళు వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే ఎండలో ఎండాల్సిందే. చిన్నప్పట్నుంచీ నన్ను కాల్చుకు తింటున్న మా అక్క ఇప్పుడు కట్టెలు మోసుకుని ఇంకొకరి పొయ్యికి బయల్దేరుతోంది.

ఇంతకీ ఘోరమేమిటంటే ఒక్క మాట. ఆడవాళ్ళ సంఘం చాపలు చూసే రోజున లొసివాలె తన సన్నచాప పచ్చికమీద పరిచింది. మొగలాకుని దారమంత సన్నగా చీల్చి, ఏళ్ళ తరబడి అల్లింది. పట్టుబట్టలా జారిపోతోంది. అందరూ నోళ్ళు తెరిచారు. మా అక్క మాత్రం ఇంకాస్త వెడల్పుగా తెరిచి, "ఇంత నున్నగా ఉందంటే ఆపియా పట్నం బజారులో కొన్నదే అయ్యుంటుంది" అంది. అందరూ నవ్వారు. చాపలల్లే మనిషిని అంతకంటే దొంగ అన్నా బాగుండేది. లొసివాలె చాప మడిచి ఇంటికెళ్ళింది. ఆ రోజునుంచి అల్లిక మానేసి అలక పట్టింది. నవ్వినవాళ్ళు నవ్విన సంగతే మర్చిపోయారు.

నేను వాదించాను. ఊరి పెద్దలు అడగలేదు, పాస్టరు గారికి తెలియనే తెలియదు, నీమీద పందిని జరిమానా వేసినవాడు కూడా లేడు, మరెందుకు అన్నాను.

"ఎవడూ వెయ్యలేదు కాబట్టేరా. మన ఇళ్ళకి గోడల్లేవు కదా అని రోజూ దారిలో పోతూ ఆవిడ అల్లడం చూస్తూనే ఉండేదాన్ని. చూసి చూసి కుళ్ళుకున్నాను. అబద్ధమని తెలిసే అన్నాను."

గోడల్లేని ఇళ్ళతో వచ్చిన చిక్కే అది. ఎవరి గోడు వాళ్ళింట్లో ఆగదు. పోనీ ఓ రోజు కొబ్బరి పట్టుకెళ్ళి మెల్లిగా చెప్పిరా అన్నాను.

"నలుగురిలో అన్నాను. మూలకెళ్ళి చెబితే చెల్లుతుందా?"

ఆవిడ చాప ఎత్తకపోతే ఇంటి పరువేం కావాలి అన్నాను. అక్క కొబ్బరి చిప్ప నా చేతిలోంచి తీసుకుంది.

"మీ బావ బతికున్నన్నాళ్ళూ కోకో కావాలని నన్నెప్పుడూ గదమలేదు. ఖాళీ కప్పు వైపు ఒక్కసారి చూసేవాడు, నేను లేచేదాన్ని. భయపడా? ఆ చూపంటే ఇష్టం నాకు. యేసయ్య కూడా అంతేరా. కానుక బలిపీఠం దగ్గర వదిలి ముందు నొచ్చుకున్న మనిషి దగ్గరికెళ్ళమన్నాడు. రెండు నెలల్నుంచి బలిపీఠం మీద పూలు పెడుతున్నాను, ఆయన ఆ కప్పు వైపే చూస్తున్నాడు. రేపు లేస్తాను."

ఆ తర్వాత అసలు బాంబు. కప్పుకోడానికి కావలసిన చాప ఏదంటే, వచ్చే నెల నాకు పెద్దరికం బిరుదు ఇచ్చేటప్పుడు సభలో పరచడానికి దాచినది. లొసివాలె ఎత్తితే ఆచారం ప్రకారం ఆ చాప ఆవిడదే. ఎత్తకపోతే పరువు పోతుంది, ఎత్తితే బిరుదు చాప పోతుంది. ఇంకో చాప లేదా అన్నాను. "రెండోరకం క్షమాపణకి రెండోరకం చాప" అంది. అక్క మాట కాదనకూడదని ఇచ్చాను. ముఖం మాత్రం తిప్పుకున్నాను.

తెల్లవారుతుండగా కట్టెలూ రాళ్ళూ దారిదాకా మోసి అక్కడే ఆగిపోయాను. అక్క బలిపీఠానికి తెచ్చిన మందారాలు చర్చి మెట్టుమీద పెట్టి, కట్టెలూ రాళ్ళూ తనే మోసుకుని ఒక్కతే వెళ్ళి గులకరాళ్ళమీద మోకరించి, ఎర్ర ఈకల అంచు చాప తలమీదుగా లాక్కుంది. లొసివాలె ఇంటి చుట్టూ వేలాడే తడికలు దించేసి ఉన్నాయి. అవి కదలలేదు.

ఎండ ఎక్కింది. తెల్లబట్టలు, తెల్లటోపీలు వేసుకుని జనం చర్చికి వస్తూ అక్కడ ఆగి చూడడం మొదలుపెట్టారు. ఇది చాప కింద నీరు కాదు, చాప కింద మా అక్క అని గుర్తుపట్టారు. మలయెఫూ అనే పెద్దమనిషి, బస్సు కోసమైతే ఆ పక్కన నిలబడాలమ్మా అని హాస్యమాడాడు. కొందరు నవ్వారు. చాప కదల్లేదు.

నేను సీమపనస కింద కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. గంట వేళకి కొట్టకపోతే సభవాళ్ళు నామీద ఓ పందిని జరిమానా వేస్తారు. ఇన్నేళ్ళూ ఆ పంది కళ్ళముందు మెదలబట్టే నేను వేళ తప్పలేదు. ఆ చెట్టు కిందనుంచి చూస్తే చాప ఓ పక్కకి ఒరిగింది. అక్క ఎడమ మోకాలికి పాత నొప్పి ఉంది. చాప మెల్లిగా నిటారైంది. కాసేపటికి మళ్ళీ ఒరిగింది. మళ్ళీ నిటారైంది.

కడ్డీ కొమ్మకి తగిలించి నడిచాను. జనం మధ్యనుంచి వెళ్ళి అక్క పక్కన మోకరించి చాప కిందికి దూరాను.

"గంట కొట్టకుండా ఎందుకొచ్చావురా?" అంది లోపల.

"గంటకి కాళ్ళు లేవు, ఎక్కడికీ పోదు."

"తమ్ముడివి కాబట్టి రావాలని వచ్చావా?"

"కాదు. నీ మోకాలు చూసి వచ్చాను. నామీద వాలు."

అక్క చాప అంచు నా వీపుమీదికి జరిపి, బరువంతా నా భుజం మీద వేసింది. చాలా బరువు మనిషి.

గంట మోగకపోయేసరికి ఊరు ఊరంతా దారిమీదే నిలబడిపోయింది. లోపలికెళ్ళాలో వద్దో ఎవరికీ తెలియలేదు. పాస్టరు గారు వచ్చి చూసి, ఏమీ అడక్కుండా మా వెనక పచ్చికమీద కూర్చున్నారట. మలయెఫూ హాస్యం అంతటితో ఆగింది. అప్పుడు తడిక చప్పుడైంది.

"గంటేది? టోపీ పెట్టుకుని ఎంతసేపు కూర్చోమంటారు?" అంది లొసివాలె.

అక్క చాప కిందనుంచే, దారి చివరిదాకా వినబడేటట్టు మాట్లాడింది. "లొసివాలె, ఆ చాప నువ్వే అల్లావు. నువ్వు అల్లుతుంటే రోజూ చూశాను. ఓర్వలేక అబద్ధమాడాను."

"నేను అల్లానని నాకు తెలియదా? నిన్నెవరు పంపారు? పాస్టరా, సభా?"

"ఎవరూ పంపలేదు. యేసయ్య అడిగాడు."

"అడిగితే వచ్చేస్తావా?"

"ఆయన అడిగితే వస్తాను. నువ్వు ఎత్తినా ఎత్తకపోయినా."

ఎంతసేపు గడిచిందో చాప కింద తెలియదు. గులకరాళ్ళు నలిగిన చప్పుడు దగ్గరికొచ్చింది. నెత్తిమీద వెలుగు పడింది.

లొసివాలె చాప ఎత్తి చేతుల్లో పట్టుకుంది. ఊరికే పట్టుకోలేకపోయింది. బొటనవేలు అంచువెంట జరిగి ఓ చోట ఆగింది.

"ఈ మూల వదులుగా ఉంది."

ఆడవాళ్ళ సంఘం మొత్తం మెడలు చాచింది.

"వదులే," అంది అక్క, ఇంకా మోకాళ్ళమీదే. "నీ అంత బిగువుగా అల్లడం నాకు రాదు."

లొసివాలె అక్క చెయ్యి పట్టుకుని లేపింది. నన్ను లేపలేదు. నా బిరుదు చాప మడిచి చంకలో పెట్టుకుని లోపలికెళ్ళి, ఉత్త చేతులతో తిరిగొచ్చింది. నేను ఆ చంక వైపు చాలాసేపు చూశాను.

"కట్టెలూ రాళ్ళూ ఇక్కడే ఉండనీ," అంది టోపీ సర్దుకుంటూ. "మిమ్మల్ని కాల్చను. టారో దుంపలు కాలుస్తాను, ప్రార్థన అయ్యాక తిని పొండి. రేపు మొగలాకు తీసుకురా ఫువాతినో, సన్నగా చీల్చి. ఆ మూల విప్పి మళ్ళీ అల్లాలి. నువ్వు పక్కన కూర్చుని చూడు. ఈసారి దగ్గర్నించి."

అక్క కుంటుకుంటూ చర్చి మెట్టుదాకా వెళ్ళి మందారాలు తీసుకుంది. ఎండకి తలలు వాల్చేశాయి. కొత్తవి కోసుకొస్తాను ఆగమన్నాను. ఆగలేదు. వాటినే పట్టుకుని, లొసివాలె పక్కన నడుస్తూ లోపలికెళ్ళింది.

మలయెఫూ నా దగ్గరికొచ్చి, వేళ తప్పినందుకు సభలో పంది సంగతి ఎత్తుతానన్నాడు. ఎత్తమన్నాను. కొమ్మమీది కడ్డీ తీసుకుని గంట కొట్టాను.