కాలవగట్టు మీద టర్బో ఫియట్

ఆ పాత ఫియట్ మీద శారోన్‌కి మోజు పుట్టిన మాట నిజం. అమలాపురంలో తండ్రి నడిపిన కార్ల రిపేరు షెడ్డుని ఇప్పుడు తనే చూసుకుంటోంది. మస్కట్ నుంచి వచ్చిన సత్యదుర్గారావు వాళ్ల నాన్ననాటి కారు తెచ్చి, "దీనికి టర్బో పెట్టాలమ్మాయ్. కొత్త కార్లన్నీ మన వెనకే ఉండాలి," అన్నప్పుడు ఆమెకి సరదా వేసింది. బయటికి పోయే పొగ ఊపుతో తిరుగుతూ ఇంజన్లోకి గాలిని బలంగా తోసే చక్రమే టర్బో. ముసలి ఇంజను దాన్ని తట్టుకోవాలంటే ఎన్నో మార్చాలి. వేసవంతా ఆ పని మీదే కూర్చుంది. రాజమండ్రి పాతసామాన్ల కొట్లో దొరికిన డీజిలు కారు టర్బోని బస్సులో ఒళ్లో పెట్టుకుని మరీ తెచ్చుకుంది.

నడిపి చూడటానికి ముక్తేశ్వరం వైపు కాలవగట్టు మీదికి వెళ్లారు. స్టీరింగు దగ్గర అతను, పక్కన ఆమె. గేరు మారేసరికి టర్బో ఈల వేసింది, కారు ముందుకి దూకింది. శారోన్ సంతోషం పట్టలేక డాష్‌బోర్డు మీద చరిచింది. అద్దానికి బిగించిన అతని ఫోను వీడియో తీస్తోంది.

దూరంగా, బాతులు మేపుకునే నూకాలమ్మ మంద గట్టు దాటుతోంది. ఆమె కర్ర పైకెత్తి, ఆగమని కేకలు వేస్తోంది.

"బాతులండీ! బ్రేకెయ్యండి!" అని అరిచింది శారోన్.

"ఉండు, వీడియో అదిరిపోద్ది," అంటూ అతను యాక్సిలరేటరు అదిమేశాడు.

పెద్ద చప్పుడేం కాలేదు. తడిబట్టల మూటలు తగిలినట్టు, మెత్తగా, వరసగా. అద్దం ఎర్రబడింది. కారు ఆగాక దిగి చూస్తే ముందు జాలీలో ఒక మెడ ఇరుక్కుని వేలాడుతోంది. లోపలికి పోయిన ఈకలు కాగిన టర్బోకి అంటుకుని మాడుతున్నాయి. ఆ కమురు గొంతులోకి దిగింది. శారోన్ గట్టు వార కూర్చుని వాంతి చేసుకుంది.

సత్యదుర్గారావు ఫోను చూసుకుంటూ నవ్వుతున్నాడు. "ఈల భలే పడింది! ఆ మెడ లాగేసి నీళ్లు కొట్టమ్మాయ్. మనోళ్లకి పంపించేను."

ఆ నవ్వే మొహం చూడలేకపోయింది. డాష్‌బోర్డు చరిచిన తన చెయ్యి కూడా రోతగా తోచింది. బానెట్ ఎత్తి, ప్లగ్గులకి కరెంటు అందించే వైరు పీకి జేబులో వేసుకుంది.

"ఏంటిది? బాతులేగా!" అని అరిచాడతను.

"ఆయ్, బాతులేనండి. పోలీసులొచ్చి చూసేదాకా బండి కదలదండి."

వెనక్కి నడిచింది. నూకాలమ్మ, కాళ్లు విరిగిన బాతుల్ని కొంగులోకి ఏరుకుంటోంది.

"ఎవరిదమ్మా ఆ బండి?"

"ఆయనదండి. ఆ జోరు పెట్టింది నేనండి."

"ఛీ," అంది నూకాలమ్మ.

శారోన్ పక్కన కూర్చుని మిగిలినవాటిని ఆమె బుట్టలోకి చేర్చింది. తర్వాత ఆమెతోపాటు స్టేషనుకి వెళ్లి జరిగిందంతా చెప్పింది. కేసు రాశారు, ఫోను తీసుకున్నారు. కానీ వీడియో అప్పటికే ఊళ్లన్నీ తిరిగింది.

వారం తిరక్కుండా పి.గన్నవరం నుంచి ఒకాయన పాత కారుతో షెడ్డుకి వచ్చాడు. "ఆ బాతుల బండికి పెట్టేరు కదండీ, అచ్చం అలాంటిదే మాకూ కావాలండి," అన్నాడు మర్యాదగా.

శారోన్ అతని మొహం మీదే షట్టరు దించేసింది.